తెల్ల షూలకు నీలిమందు

మాచర్లలో మట్టికి కొదవ లేదు. ఒక పక్క నల్లరేగడి, ఇంకో పక్క ఎర్రమన్ను, మధ్యలో నాపరాళ్ళు కోసే మిషన్ల నుంచి లేచే బూడిదరంగు పొడి. ఏ పూట ఏ గాలి వీస్తే ఆ రంగు మనుషుల మీద పడుతుంది. ఇంత వైభవం ఉన్న ఊళ్ళో మగవాళ్ళందరూ బాగా ఆలోచించి, తెల్ల షూలు వేసుకోవాలని నిర్ణయించుకున్నారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, కింద తెల్ల షూ. పొలం చూడ్డానికి అదే, పంచాయితీకి అదే, పెళ్ళికి అదే, పరామర్శకూ అదే. వారం తిరిగేసరికి ఆ షూ ఏ రంగుదో కొన్నవాడు కూడా చెప్పలేడు. అప్పుడది స్టేషన్ రోడ్డు వెనక సందులో గుల్షన్ ఇంటికి చేరుతుంది.

గుల్షన్‌కు నలభై నాలుగేళ్ళు. పుట్టింది రెంటచింతలలో. ఏటా వేసవిలో టీవీవాళ్ళు ఆ ఊరి పేరు తలుచుకునేది ఎండ ఎన్ని డిగ్రీలో చెప్పడానికే. ఆ ఎండకు జనం తడిగుడ్డలు కట్టుకుని తిట్టుకోవడమే తప్ప, దాన్ని పనిలో పెట్టుకోవచ్చని కనిపెట్టిన మొదటి మనిషి బహుశా గుల్షనే. కానీ అది తర్వాతి మాట. అంతకుముందు ఆమె ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ భుజం కొలతలు ఆమెకు నోటికి వచ్చు. వాళ్ళలో ఆమె పేరు తెలిసినవాళ్ళు తక్కువ. "పెయింటర్ సత్తార్ భార్య" అంటే చాలు, ఇల్లు చూపించేవాళ్ళు. సత్తార్ గోడలకు వేసే పెయింటర్ కాదు. గుద్దుకున్న కార్లకు సొట్టలు తీసి రంగు వేస్తాడు. పల్నాడు రోడ్ల దయవల్ల పనికి లోటు లేదు.

నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్న కూతురు నాజియా మూడేళ్ళ కిందట సెలవులకు వచ్చి, కాళ్ళకున్న షూలు విప్పి గుమ్మం అవతలికి విసిరింది.

"ఇవి పారేసి కొత్తవి కొనుక్కుంటా అమ్మీ."

"ఏమొచ్చింది వీటికి?"

"మడమ దగ్గర చిరిగింది. రంగు చూడు. హాస్టల్లో అందరూ నవ్వుతన్నారు."

"నవ్వితే నవ్వారు. నవ్వులకి షూ చిరిగిద్దా?"

గుల్షన్ ఆ షూలు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. మడమ లోపలి గుడ్డ చిరిగి స్పాంజి బయటికి వచ్చింది. పెళ్ళి జాకెట్ల నుంచి మిగిలిన నల్ల వెల్వెట్ ముక్క కత్తిరించి, సూది వంచి, లోపలికి చెయ్యి దూర్చి కుట్టింది. జాకెట్టు చంక కుట్టిన చేతికి షూ మడమ ఒక లెక్కలోది కాదు. మిగతా విద్య ఫోన్లో నేర్చుకుంది. ఎక్కడో చలిదేశంలో ఒకతను షూలు శుభ్రం చేస్తూ ఇంగ్లీషులో ఏదో చెబుతుంటాడు. ఆ భాష ఆమెకు రాదు. అందుకని చేతులు చూసింది. ఒక్కో వీడియో పదిసార్లు చూసింది.

మొదట్లో చానా పాడుచేసింది, కానీ అన్నీ ఇంట్లోవే. మొదటి జతకు బ్లీచింగు పోస్తే తెల్లబడాల్సింది పోయి ఇంకా పచ్చబడింది. రెండో జత తడి ఆరాలని లోపల న్యూస్ పేపర్లు కుక్కింది. ఆరాక చూస్తే ఒక నాయకుడు షూ లోపల అచ్చుపడి నమస్కారం పెడుతున్నాడు. ఆ తర్వాత పేపర్ల బదులు లంగా గుడ్డ పేలికలు కుక్కడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆమె పనికి ఒక వరస ఉంది. ముందు లేసులు తీసి, లోపలి అట్ట తీసి, పొడి బ్రష్షుతో మట్టి దులపాలి. తొందరపడి ముందే నీళ్ళు పోస్తే మట్టి బురదై గుడ్డలోకి దిగుతుంది. తర్వాత షాంపూ, తినేసోడా, పాత పళ్ళ బ్రష్షు. అడుగు ఊడితే గమ్ము పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి ఒక రోజు వదిలెయ్యాలి. పచ్చబడిన రబ్బరు అంచులకు మాత్రం బ్యూటీపార్లర్లో జుట్టు రంగు తీసే క్రీము. అది పూసి, పల్చటి ప్లాస్టిక్ చుట్టి, మేడ మీద పెట్టాలి. చలిదేశపు మనిషి దానికి ప్రత్యేకంగా ఒక దీపం కొన్నాడు. గుల్షన్‌కు మాచర్ల సూర్యుడున్నాడు. అతనికి రెండు రోజులు పట్టేది ఆమెకు మూడు గంటల్లో అయిపోతుంది. నాలుగో గంటకు వదిలేస్తే రబ్బరు అప్పడమవుతుంది.

షూ చూసి మనిషిని చెప్పడం కూడా వచ్చేసింది. మడమ బయటి వైపు అరిగితే ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఎడమ షూ ముక్కు మీద నల్లటి గీత ఉంటే బైకు గేరు తొక్కేవాడు. ఎక్కడా అరక్కుండా ముక్కు దగ్గర మాత్రం మడతలు పడితే పెద్దవాళ్ళు ఎదురైనప్పుడల్లా వంగి కాళ్ళు పట్టుకునేవాడు. అలాంటివి ఎన్నికల ముందు ఎక్కువ వచ్చేవి.

ఈ వృద్ధి అందరికీ నచ్చుతుందా? సత్తార్ వాళ్ళన్న సల్మాన్‌కు నచ్చలేదు. సందు చివర ఆయనకు టైర్ల దుకాణం ఉంది. రోడ్డు మీద పడ్డ సమస్తాన్నీ తొక్కుకుంటూ వచ్చిన లారీ టైర్లను పొద్దస్తమానం ఒళ్ళో పెట్టుకునే ఆ పెద్దమనిషికి, మనుషులు తొక్కిన షూలు ముట్టుకోవడం పరువు తక్కువగా తోచింది. గుల్షన్ షూలకు బిగించే ట్యూబు ముక్కలు ఆయన దుకాణం ముందు పారేసినవేనని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

ఒక శుక్రవారం నమాజు నుంచి వస్తూ ఆగాడు.

"ఒరేయ్ సత్తార్, ఏందిరా ఇది? మసీదు మెట్ల కాడ కూడా ఇన్ని జోళ్ళుండవు. మన ఖాందాన్‌లో ఎవరన్నా ఊళ్ళోవాళ్ళ కాలిజోళ్ళు కడిగారంట్రా?"

"చెప్తే వినదు భాయ్."

"వింటా," అంది గుల్షన్ లోపలి నుంచి. "ఏం చెప్తారో చెప్పమను."

సల్మాన్ గడ్డం నిమురుకుని తీర్పు చెప్పాడు. "సరే, చేసుకోనీ. కానీ ఒక్కడంటే ఒక్కడు ఈ గుమ్మం ముందుకొచ్చి నా షూ పాడుచేశారని నోరెత్తాడా, ఆ రోజుతో ఈ పని బంద్. ఈ బ్రష్షులూ బకెట్లూ అన్నీ మూటగట్టి అటకెక్కించాల. ఏమంటావురా?"

"సరే భాయ్," అన్నాడు సత్తార్.

పని గుల్షన్‌ది, షరతు సల్మాన్‌ది, ఒప్పుకున్నది సత్తార్. ఇంటి వ్యవహారాలు ఇంత పద్ధతిగా జరుగుతాయి.

సత్తార్ అంత తేలిగ్గా సరే అనడానికి ఒక కారణం ఉంది. అతను కార్లకు రంగు వేసే షెడ్డుకు ఈ మధ్య కొత్తగా వచ్చినవాళ్ళు, "నువ్వు షూల గుల్షనక్క వాళ్ళాయనవి గదా?" అని అడుగుతున్నారు. మనిషి లోపల సొట్టపడింది. ఆ సొట్ట తీసే విద్య ఆయనకు రాదు.

ఆ రోజు నుంచి గుల్షన్ ప్రతి జతనూ రెండుసార్లు చూసుకునేది. గమ్ము ఆరిందని తెలిసినా ఇంకో పూట ఆగేది. రెండేళ్ళలో గుమ్మం ముందు ఎవరూ నోరెత్తలేదు. పని పోతుందని ఆమెకు పట్టుకున్న భయం సంపాదన గురించి కాదు. రెడీమేడ్‌లు వచ్చి జాకెట్ల పని పోయినప్పుడు ఎవరూ రాలేదు, అడగలేదు. ఇప్పుడు తన పేరు అడుక్కుంటూ గురజాల నుంచి మనుషులు వస్తున్నారు. ఆ అడగడం ఆగిపోతే ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు.

అలా వచ్చినవాళ్ళలో వెంకటేష్ ఒకడు. గురజాల దగ్గర పల్లె. నలభై ఎకరాల పొలం, పదవి ఏమీ లేదు, అందుకే క్షణం తీరిక ఉండదు. వయసులో గుల్షన్ కంటే ఆరేళ్ళు చిన్న. అయినా ఆమె "అన్నా" అంటుంది, అతను "అక్కా" అంటాడు. రాజకీయాల్లో వయసులు వేరుగా నడుస్తాయి.

ఒక సోమవారం కారు దిగి, హైదరాబాద్‌లో కొన్న తెల్ల షూల జత ఆమె ముందు పెట్టాడు. పైన బాగానే ఉన్నాయి. చుట్టూ రబ్బరు అంచు పచ్చగా పండింది.

"చూశావా అక్కా ఈ పసుపు? శుక్రవారం నాలుగింటికి ఇక్కడే మా మీటింగు. వీటితో స్టేజీ ఎక్కితే మావోళ్ళు నన్నేమనుకుంటారు?"

ఆ చుట్టుపక్కల రెండే పార్టీలు, రెండే రంగులు. ఒకటి పసుపు, ఒకటి నీలం. పేర్లు చంటిపిల్లలకు కూడా తెలుసు. వెంకటేష్‌ది నీలం. వాళ్ళ ఇంట్లో అన్నంలోకి పప్పు కూడా కాస్త జాగ్రత్తగానే వండుతారని చెప్పుకునేవాళ్ళు.

"పోగొడతాలే అన్నా. శుక్రవారం మధ్యాన్నానికి తీసుకుపో."

"మొత్తం పోవాల. మరక కూడా ఉండకూడదు."

మంగళవారం క్రీము పూసి మేడ మీద పెట్టింది. పసుపు చాలావరకు దిగింది, ముక్కు దగ్గర మాత్రం వెలిసిన గోడలా కాస్త మిగిలింది. రెండోసారి ఎండకు పెడితే రబ్బరు పగులుతుందేమోనని సందేహం. బుధవారం పొద్దున బట్టలు ఉతుకుతూ సత్తార్ లాల్చీని నీలిమందు నీళ్ళలో ముంచింది. పసుపు తిరిగిన బట్టకు వాళ్ళమ్మ చేసింది ఇదే, తాను చేస్తున్నదీ ఇదే. రబ్బరుకు మాత్రం ఎందుకు చెయ్యకూడదు? అంత తెలివైన ఆలోచన చలిదేశపు మనిషికి కూడా రాలేదని కాస్త గర్వపడింది కూడా. గుడ్డ ముక్కకు అద్ది అంచు చుట్టూ రాసింది.

బట్ట అయితే జాడిస్తే వదులుతుంది. క్రీము తాగి, ఎండ తాగి దాహం మీదున్న రబ్బరు నీలిమందును కూడా తాగేసి ఊరుకుంది. కడిగితే పోలేదు. పాలల్లో సిరా చుక్క పడ్డట్టు అంచంతా లేత నీలం తిరిగింది.

ఎదురింటి పుల్లమ్మ అరుగు మీద నుంచి చూసింది.

"ఏందే గుల్షనూ, బూటు నీలంగా ఉంది?"

గుల్షన్ షూను అటూ ఇటూ తిప్పింది. పోగొట్టాలంటే ఏదో మార్గం వెతకాలి, ఇంకో రోజు పట్టొచ్చు. అప్పుడే ఆమె మనసులోకి పల్నాడు బుద్ధి ఒకటి వచ్చి కూర్చుంది. పోగొట్టడం దేనికి? మనిషిది ఆ రంగే కదా!

"పార్టీ మనిషి షూలు అత్తా. చూసుకుని మురిసిపోతాడు."

"ఓహో, అట్టనా! అయితే లేసులకి జెండా కూడా కట్టి పంపియ్యి."

రెండేళ్ళలో మొదటిసారి గుల్షన్ ఒక లోపాన్ని చూసి కూడా చూడనట్టు పక్కన పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం పుల్లమ్మ ఫోన్ పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పరుగులాంటి నడకతో సందు దాటి వచ్చింది.

"ఏమే, ఇది చూశావా? నీ బూట్లాయన!"

ఫోటోలో వెంకటేష్ నవ్వుతున్నాడు. మెడలో పసుపు కండువా. గురువారం సాయంత్రం నరసరావుపేటలో అనుచరులతో సహా మారిపోయాడట. నియోజకవర్గం అభివృద్ధి కోసమేనని కింద రాసి ఉంది. ఆ అభివృద్ధి మొన్న సోమవారం దాకా అతనికి తట్టలేదు.

"మరి ఇయ్యాల మీటింగు?" అంది గుల్షన్.

"ఈ కొత్తోళ్ళదీ ఇయ్యాలే. అదే గ్రౌండు. పాతోళ్ళు వాయిదా వేసుకున్నారంట, జనం లేక. జనాన్ని ఈయన తోలుకుపోయాడుగా!"

గుల్షన్ షూ తీసి వెలుతురులో పెట్టి చూసింది. బుధవారం లేతగా కనిపించిన నీలం ఇప్పుడు కేకలు వేస్తున్నట్టుంది.

అప్పుడే సందులో హారన్లు. రెండు కార్లు, నిండా మనుషులు. సందులో ఒకటే పట్టింది, రెండోది దాని వెనక నిలబడి మోగుతూనే ఉంది. వెంకటేష్ దిగాడు. కాళ్ళకు రబ్బరు చెప్పులు, మెడలో కొత్త కండువా, మడతలు ఇంకా పోలేదు.

"అక్కా, అయినయ్యా? టైం లేదు, ఇటియ్యి."

ఇచ్చింది. అతను చూశాడు. వెనకున్నవాళ్ళు కూడా తొంగిచూశారు. ఎవడో కిసుక్కుమన్నాడు.

"ఇదేంది?"

"నీలం," అన్నాడు వెనకున్న ఒకడు, సాయం చేస్తున్నట్టు.

"కనపడతంది లేరా! ఏందక్కా ఇది? నేను నిన్న చేరాను. ఇయ్యాల పెద్దాయన నన్ను స్టేజీ మీదకి పిలిచి అందరికీ చూపిస్తాడు. ఈ కాళ్ళతో ఎక్కితే? ఇంకా పాత వాసన పోలేదంటారు! అసలు నువ్వు ముట్టుకోకుండా వదిలేసినా బాగుండేది గదా, ఆ పసుపు పసుపుగానే ఉండేది!"

"తీసెయ్యమన్నది నువ్వేగా అన్నా, సోమారం?"

"సోమారం సంగతి ఇప్పుడెందుకక్కా!"

గొంతు పెరిగింది. టైర్ల దుకాణం నుంచి సల్మాన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. భోజనానికి షెడ్డు నుంచి వచ్చిన సత్తార్, తన గుమ్మంలోకి తానే దారి దొరక్క జనం వెనక నిలబడ్డాడు.

"ఏందిది?" అన్నాడు సల్మాన్. రెండేళ్ళుగా ఎదురుచూసిన మనిషి గొంతు అది.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. రబ్బరే నాసిరకం అనొచ్చు, ఎండకు తిరిగింది అనొచ్చు. గుల్షన్ నోటి దాకా వచ్చింది కూడా. వెంకటేష్ ముఖం చూసింది. మాటలు మార్చడంలో అతని ముందు తాను ఎన్నటికీ చాలననుకుందో ఏమో, ఉన్నది చెప్పేసింది.

"నాదే తప్పు. నీలిమందు రాశా, పట్టుకుంది. బుధారమే చూశా. నీ రంగేగా, నీకు నచ్చుద్దిలే అని వదిలేశా. షూ తెల్లగా ఉండాలని చూడాల్సింది, నీ పార్టీని చూశా."

తప్పు ఒప్పుకున్న మనిషిని ఏం చెయ్యాలో ఆ రెండు కార్లలోనూ ఎవరికీ తెలియదు.

సల్మాన్‌కు తెలుసు. "విన్నావుగా సత్తార్? గుమ్మం ముందు ఇంతమంది. మాట ఇచ్చావు. అటకెక్కించు."

సత్తార్ జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చాడు. అన్న వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. గుల్షన్ బకెట్ అంచు పట్టుకుని నిలబడింది. అతను వెంకటేష్ చేతిలోని షూ తీసుకున్నాడు. రెండేళ్ళుగా తన ఇంటి నిండా ఉన్న షూలలో ఒకదాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. గోరుతో అంచు గీకాడు. కారు తలుపు మీద గీత చూసినట్టు ఒక కన్ను మూసి వాలుగా చూశాడు.

"ఇది తుడిస్తే పోదు," అన్నాడు. "కడిగితే పోదు. పైపొరలోకే దిగింది, లోపలికి పోలా. పొర తీసేస్తే చాలు."

"ఏందిరా నువ్వనేది?" అన్నాడు సల్మాన్.

"వాటర్ పేపర్ పెట్టాల భాయ్. ఎనిమిదొందల నంబరుతో మొదలుపెట్టి, వెయ్యితో నున్నగా చెయ్యాల. బంపర్‌కి చేసినట్టే."

"నేనడిగింది అది కాదు! నువ్విచ్చిన మాట సంగతి!"

సత్తార్ జేబులోంచి మడతపెట్టిన వాటర్ పేపర్ తీశాడు, నీళ్ళు పోస్తూ రుద్దే గరుకు కాగితం. ఆ మనిషి జేబులో అది ఎప్పుడూ ఉంటుంది, బట్టలు ఉతికే గుల్షన్‌కు తెలుసు. మెట్టు మీద కూర్చుని షూను మోకాళ్ళ మధ్య బిగించాడు.

"ఆ మాట నేనిచ్చా భాయ్. పని నాది కాదు. నాది కానిదాని మీద నేను మాటివ్వడమే తప్పు." తల ఎత్తకుండానే అన్నాడు. "ఏమే, నీళ్ళు పొయ్యి. కొంచెం కొంచెంగా."

గుల్షన్ చెంబుతో ధారగా పోసింది. సరసరమని కాగితం తిరుగుతుంటే నీళ్ళు నీలంగా మెట్టు కిందికి జారాయి. వెంకటేష్ మనుషులు కార్ల సంగతి మరిచిపోయి చుట్టూ చేరారు. ఒకడు ఫోన్ పెట్టి వీడియో తీశాడు. పుల్లమ్మ అరుగు మీద నుంచి వ్యాఖ్యానం అందించింది.

"చూడవయ్యా వెంకటేషూ, నీ పాత పార్టీ ఎట్టా కొట్టుకుపోతందో! కాలవలో కలిసింది!"

"ఊరుకో పిన్నీ, నీకు దణ్ణం పెడతా," అన్నాడు వెంకటేష్.

సల్మాన్ వెళ్ళిపోలేదు. వెళ్ళిపోవాలనే అనుకున్నాడు. కానీ రబ్బరు మీద పని జరుగుతుంటే చూడకుండా కదిలిపోవడం ముప్ఫై ఏళ్ళ టైర్ల మనిషికి కష్టం. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాపి, ఆఖరికి ఉండబట్టలేక నోరు తెరిచాడు.

"ఒరేయ్, అంత నొక్కమాక. ఇది కారు బంపర్ కాదు, మెత్త రబ్బరు. మడమ కాడ ఇంకా ఉంది, చూడు. కళ్ళు కనపడట్లా?"

మడమ దగ్గర నిజంగానే ఉంది. సత్తార్ అది కూడా తీసి, గుడ్డతో తుడిచి, ఎత్తి చూపించాడు. తెల్లగా ఉంది. నీలం లేదు, పసుపు లేదు. ఏ పార్టీకీ పనికిరానంత తెల్లగా ఉంది.

వెంకటేష్ ఫోన్ మోగింది. "ఆఁ అన్నా, వచ్చేస్తన్నా. దారిలోనే ఉన్నా. ట్రాఫిక్కు!" అన్నాడు, సందులో తన కారే అడ్డంగా ఉండగా.

సత్తార్ చెయ్యి చాపాడు. "రెండోది ఇటియ్యి."

గుల్షన్ ఇవ్వలేదు. చెంబు అతని చేతిలో పెట్టి, వాటర్ పేపర్ తీసుకుంది.

"పాడుచేసింది నేను. ఇది నేను చేస్తా. నువ్వు నీళ్ళు పొయ్యి."

జరగమని మోచేత్తో పొడిస్తే అతను జరిగాడు. మెట్టు మీద ఇద్దరికీ చోటు సరిపోయింది. ఆమె కాగితాన్ని మూడు వేళ్ళ కింద పరిచి, షూ ముక్కు దగ్గర మొదటి రుద్దు రుద్దింది.

"అట్టా కాదు," అన్నాడు సత్తార్. "ఒకే వైపు గీకితే గుంటపడుద్ది. గుండ్రంగా తిప్పు."

"తిప్పుతన్నాగా. ముందు నువ్వు నీళ్ళు సరిగ్గా పొయ్యి."